ఇటలీ పందెపు సైకిళ్ళు – వాటి పుట్టుపూర్వోత్తరములు

సైకిలు అనగానే ఈ ముళబాగిలు, కోలారు ప్రాంతములలో పుట్టిపెరిగిన వారికి గాని, ఉద్యోగరీత్యా ఇచ్చటికి వచ్చి స్థిరపడిన మనబోటి వారికి గాని కండ్లముందు నిలుచునది నల్లని బరువైన బండి. వెనుక క్యారియరు, ప్రక్కన డైనమో, చేతికింద బెల్లు. దానిమీద పాలబిందెలు, గడ్డిమోపులు, బడిపిల్లలు, ఒక్కొక్కప్పుడు సంసారమంతయు సాగిపోవును. అట్టి బండిని అవసరమునకు వాడుకొనుటయే గాని, దానిని బిడ్డవలె తుడిచి, దాని వంశవృక్షమును వల్లించు వారు లోకమున గలరనిన మన పెద్దలు నవ్వుదురు. అయినను గలరు. వారిలో పెక్కుమంది మనసు ఇటలీ దేశపు పందెపు సైకిళ్ళ మీద నిలిచియున్నది.

ఈ వెఱ్ఱి మనకు దూరమైనదియు కాదు. ఆదివారము వేకువన బెంగుళూరు యువకులు సైకిళ్ళపై నందికొండ ఎక్కుటకు పోవుచుందురు. ఆ కొండ 2007వ సంవత్సరము వరకు మన కోలారు జిల్లాలోనిదే. ఆ సైకిళ్ళలో కొన్నింటిమీద బియాంకి, పినరెల్లో, కోల్నాగో అను పేర్లు మేము చూచితిమి. ఇవి ఏ ఊరి పేర్లు, ఎవరి పేర్లు అని విచారింపగా, అన్నియు మనుష్యుల పేర్లే అని తెలిసినది. మేము రైల్వే గుమాస్తా పనిలో నున్నవారము, మెట్రిక్ చదువుతో ఆగినవారము. పాండిత్యము లేకున్నను, తెలిసికొన్న సంగతులను మనవారితో పంచుకొనవలెనను కోరికతో ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఎడ్వార్డో బియాంకి అనాథ శరణాలయములో పెరిగిన బాలుడు. 1885లో, ఇరువది ఏండ్ల ప్రాయమున, మిలాను నగరములో ఒక చిన్న దుకాణము తెరచెను. అదే సంవత్సరము ఇంగ్లండులో రెండు సమానమైన చక్రములు, వెనుక చక్రమునకు చైను గల ‘రోవర్’ సైకిలు బయటికి వచ్చినది. 1888లో డన్లప్ గాలి టైరును కనిపెట్టెను. ఇటలీలో ఈ క్రొత్త వాహనమునకు పేరు తెచ్చిన వారిలో బియాంకి మొదటివాడు. ఆకాశమువలె లేత నీలమో, లేత ఆకుపచ్చయో తేల్చిచెప్పరాని ఆ కంపెనీ రంగును చూచినంతనే అభిమానులు ఇప్పటికిని గుర్తుపట్టుదురు.

1909 మే 13వ తేదీ తెల్లవారకముందే మిలాను నుండి 127 మంది సైకిళ్ళెక్కి బయలుదేరిరి. ‘గజెట్టా’ అను క్రీడాపత్రిక ఏర్పాటు చేసిన ఇటలీ ప్రదక్షిణ పందెము అది. ‘జీరో’ అని దాని పేరు. ఎనిమిది మజిలీలు, మొత్తము 2,448 కిలోమీటర్లు, గతుకుల మట్టిరోడ్లు. తుదివరకు నిలిచినవారు 49 మంది మాత్రమే. గెలిచినవాడు లుయీజీ గన్నా. అతని కులవృత్తిని గాని, పెద్ద చదువును గాని ఎవరును అడుగలేదు. అతడు తాపీపని చేసికొని బ్రతికిన మనిషి. 1924లో అల్ఫొన్సీనా స్త్రాదా అను స్త్రీ కూడ ఈ పందెములో పురుషులతోబాటు బయలుదేరెను. ఒక మజిలీలో గడువు దాటినందున ఆమె లెక్కలో లేకపోయినను, తొక్కుట మానలేదు. తిరిగి మిలాను చేరియే దిగెను.

ఆ కాలమున సైకిలుకు ఇప్పటివలె గేర్లు లేవు. వెనుక చక్రమునకు ఇరువైపుల రెండు పళ్ళచక్రము లుండెడివి. కొండ వచ్చినప్పుడు దిగి, చక్రము ఊడదీసి, త్రిప్పి బిగించి, మరల ఎక్కవలెను. 1927లో తుల్లియో కంపన్యోలో అను పందెగాడు మంచు కురియుచున్న ఒక కనుమ మీద చలికి కొయ్యబారిన వ్రేళ్ళతో చక్రపు మరను విప్పలేక వెనుకబడెననియు, ఆ బాధనుండియే ఒక ఉపాయము పుట్టెననియు చెప్పుదురు. ఒక చిన్న మీటను త్రిప్పినంతనే చక్రము ఊడివచ్చు ఏర్పాటది. 1933లో అతడు విచెంజాలో తన కర్మాగారమును స్థాపించెను. 1950 ప్రాంతమున అతడు చేసిన గేరు యంత్రము, తొక్కువాడు దిగనక్కరలేకుండ చైనును ఒక పళ్ళచక్రము నుండి మరియొక దానిమీదికి నెట్టును. ఇప్పటి మన పిల్లల గేరు సైకిళ్ళకు ఇట్టి యంత్రములే పూర్వులు.

ఇక ఈ సైకిళ్ళు ఎక్కిన వీరులలో ఇద్దరి మాట చెప్పకున్న కథ సాగదు. జీనో బర్తాలి 1938లోను, మరల పదేండ్లకు 1948లోను ఫ్రాన్సు దేశపు మహాపందెమును గెలిచెను. నడుమ యుద్ధము వచ్చెను. 1943, 44 సంవత్సరములలో నాజీల పాలబడనున్న యూదులను కాపాడుటకు అతడు అభ్యాసమునకు పోవువానివలె సైకిలెక్కి, ఫ్రేము గొట్టములలో దొంగ గుర్తింపు పత్రములు దాచి చేరవేసెనని చెప్పుదురు. బ్రతికియున్నంత కాలము ఆ మాటను చాటుకొనలేదు. అతడు పోయిన పదమూడేండ్లకు, 2013లో, యెరూషలేములోని యాద్ వషేమ్ సంస్థ అతనిని గౌరవించెను.

రెండవవాడు ఫౌస్తో కొప్పి. చిన్నతనమున మాంసపు దుకాణపు సరకును సైకిలుపై ఇంటింటికి చేరవేసిన కుఱ్ఱవాడు. 1940లో మొదలిడి ఇటలీ పందెమును ఐదుమార్లు, ఫ్రాన్సు పందెమును 1949లోను, 1952లోను గెలిచెను. 1949 జూన్ 10న కూనెయో నుండి పినెరోలోకు సాగిన మజిలీలో బియాంకి సైకిలుపై 192 కిలోమీటర్లు ఒంటరిగా ముందు నడచి, బర్తాలికంటె సుమారు 12 నిమిషములు ముందు చేరెను. యుద్ధకాలమున ఇతడు ట్యునీషియాలో ఇంగ్లీషువారికి చిక్కి యుద్ధఖైదీ అయ్యెను. ఆఫ్రికాలో పట్టువడిన ఇటలీ సైనికులను వేలకొలది మన బెంగుళూరు శిబిరములకు కూడ తెచ్చియుండిరి. ఇటలీ మనకెంతో దూరమనుకొందుము గాని, ఆనాటి యుద్ధము ఆ దేశపు బిడ్డలను మన పొరుగునకే తెచ్చినది.

ఈ ఇద్దరికి పోటీ ఎంతయో, దేశము రెండుగా చీలి వాదించుకొనెడిది. అయినను 1952లో కొండదారిలో ఒకరి చేతినుండి మరియొకరు నీళ్ళసీసా అందుకొనుచున్న ఛాయాచిత్రము లోకప్రసిద్ధము. ఇచ్చినవాడెవరు, పుచ్చుకొన్నవాడెవరు అని ఇటలీలో నేటికిని తగవే! కొప్పి 1960 జనవరి 2న మలేరియాతో నలుబది ఏండ్లకే గతించెను.

పందెములో ఓడినవారు సయితము ఈ చరిత్రకు ఎక్కిరి. జొవాన్ని పినరెల్లో 1951లో ఇటలీ పందెమున కట్టకడపటివాడుగా వచ్చెను. మరుసటి సంవత్సరము అతనిని తప్పించి వేరొకనిని పంపదలచి, జట్టువారు అతనికి లక్ష లీరాలిచ్చిరి. అతడు ఆ సొమ్ముతో త్రెవీజోలో సైకిళ్ళు కట్టు పని ప్రారంభించెను. అతని పేరుగల సైకిళ్ళు తరువాతి కాలమున ఫ్రాన్సు మహాపందెమును ఎన్నోమార్లు గెలిచినవి.

ఇంతకు ఈ సైకిళ్ళలో గల విశేషమేమి? మన నల్లబండి సుమారు 20 కిలోల బరువు. 1970 ప్రాంతపు ఇటలీ పందెపు సైకిలు ఇంచుమించు అందులో సగము. కొలంబస్ అను మిలాను కంపెనీ ఉక్కు గొట్టములు దీనికి ముఖ్యము. వారి పేరుపొందిన ఒక రకములో అతుకుపడు చివరల మందము మిల్లీమీటరులో 9 పాళ్ళు, నడుమ 6 పాళ్ళు మాత్రమే. అనగా పదింట తొమ్మిది వంతులు, పదింట ఆరు వంతులు. బలము కావలసినచోట లోహముంచి, అక్కరలేనిచోట తీసివేసిరన్నమాట. కీళ్ళవద్ద ఉక్కు తొడుగులు పెట్టి, లోహము కరిగించి అతుకుదురు. వేడి ఎక్కువైన గొట్టము చెడును, తక్కువైన అతుకు నిలువదు. అది యంత్రము చూపు లెక్క కాదు, పనివాని కంటికి తెలియు లెక్క. ఎర్నెస్తో కోల్నాగో 1972లో ఎడ్డీ మెర్క్స్ కొరకు సుమారు 5 ముప్పావు కిలోల సైకిలు కట్టెను. దానిపై మెర్క్స్ మెక్సికో నగరములో ఒక్క గంటకు 49.431 కిలోమీటర్లు తొక్కెను.

నేడు ఉక్కుకు బదులు కార్బను నారతో ఫ్రేములు పోయుచున్నారు. పందెపు సైకిలు 6.8 కిలోలకు తగ్గరాదని 2000 సంవత్సరమునుండి నిబంధన గలదు. క్రొత్తవానిని మెచ్చువారు తేలికను, వడిని చెప్పుదురు. పాతవానిని మెచ్చువారు అతుకులోని నేర్పును, రంగును, మీట నొక్కగా వినబడు చిన్న శబ్దమును చెప్పుదురు. ఈ వాదము ఇప్పట్లో తెగునది కాదు.

అయితే పాతదానిపై ప్రేమ ఒక ప్రాంతమునకే మేలు చేసిన ఉదాహరణము గలదు. టస్కనీ సీమలోని గయోలే అను చిన్న ఊర 1997లో ‘ఎరోయికా’ అను సైకిలు యాత్ర మొదలైనది. 1987కు పూర్వపు రీతి పందెపు సైకిళ్ళే అందు వాడవలెను. ఆనాటి తెల్లమట్టి రోడ్లన్నియు తారుక్రింద మాసిపోకుండ కాపాడవలెననునదే దాని మూలసంకల్పము. మొదటి ఏట బయలుదేరినవారు వందమంది కూడ లేరు. తరువాత దేశదేశములనుండి వేలమంది రాసాగిరి. ఊరివారు అటకమీద పడవేసిన తాతల సైకిళ్ళకు మరల విలువ వచ్చినది.

మన సంగతి చూడుడు. 1880లో జాన్ టేలర్ కంపెనీ పని ప్రారంభించిన కోలారు బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతబడినవి. భూమిలో మూడు కిలోమీటర్లకు మించి దిగిన కార్మికులు తమ లైనిండ్లనుండి షిఫ్టుకు నడచియు, సైకిలెక్కియు పోయెడివారు. 1949లో మదరాసున స్థాపితమైన టి.ఐ. సైకిల్స్ వారి హెర్క్యులిస్ వంటి బండ్లే వారి ఐశ్వర్యము. నేడు వారి బిడ్డలు మారికుప్పము నుండి రైలెక్కి బెంగుళూరు పనులకు పోవుచున్నారు. తండ్రుల సైకిళ్ళు తూకమునకు పాత ఇనుపకొట్లకు చేరుచున్నవి. ఇటలీవారి సైకిలునకు చరిత్ర ఉన్నది, మన సైకిలునకు లేదు అనుకొనుట పొరపాటు. వారు వ్రాసికొనిరి, మనము వ్రాసికొనలేదు. అంతే భేదము. తాపీవాడు, మాంసపు దుకాణపు కుఱ్ఱవాడు, అనాథ బాలుడు, ఓడిపోయిన పందెగాడు, వీరి పేర్లనే కదా వారు నేడు భద్రపరచుకొన్నది!

చుక్కలవలె మెరయు విలువగల ఇటలీ సైకిలు కొనుట మనవంటి జీతగాండ్రకు సాధ్యము కాదు, అవసరమును కాదు. మన వీధి మూలన కూర్చుండి వంకరపోయిన చక్రమును రెండు వ్రేళ్ళతో త్రిప్పి, ఏ పుల్ల వదులో చెవితోనే చెప్పగల ముసలి మేస్త్రీని ఒకమారు పలుకరింతము. ఆయన ఎవరివద్ద పని నేర్చెనో, ఎన్నేండ్లు చేసెనో అడిగి వ్రాసికొందము. ఒక్క పాత బండినైన తుప్పు వదలించి మన సంఘపు మందిరములో నిలుపుదము. ఈ ఉగాదికి యువకులు ఈ పని తలకెత్తుకొందురని ఆశించుచు, ఆంధ్ర సోదరీసోదరులకు నూతన సంవత్సర శుభాకాంక్షలు తెలుపుకొనుచున్నాము.