మీ టైమ్‌షీట్ వెనక 300 ఏళ్ల కథ: గడియారం తాళం ఎవరి దగ్గర?

ఐటీలో పనిచేసేవాళ్లకి శుక్రవారం సాయంత్రం వచ్చే మెయిల్ ఏంటో చెప్పక్కర్లేదు. "టైమ్‌షీట్ నింపండి." నేను డెవలపర్‌గా ఉన్న రోజుల్లో నాకూ వచ్చేది. ఇప్పుడు ఆ మెయిల్‌తో కూడా పని లేకుండా పోతోంది. ఎందుకంటే చాలా ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ టూల్స్ మన టైమ్‌ని వాటంతట అవే లెక్కేసుకుంటున్నాయి. టికెట్‌ని 'ఇన్ ప్రోగ్రెస్'లోకి జరిపితే టైమర్ మొదలవుతుంది, 'డన్'లో పెడితే ఆగుతుంది. కొన్నైతే ఏ విండో తెరిచి ఉంది, కీబోర్డు, మౌస్ కదులుతున్నాయా అని కూడా చూస్తాయి. కాసేపు ఏదీ కదలకపోతే 'ఐడిల్' అని ముద్ర వేసేస్తాయి.

ఇది కొత్త టెక్నాలజీయే, కాదనను. కానీ వెనకున్న ఆలోచన మాత్రం చాలా పాతది. ఎంత పాతదో చూద్దాం పదండి.

1700 ప్రాంతంలో ఇంగ్లాండ్‌లో, న్యూకాజిల్ దగ్గర, ఆంబ్రోస్ క్రౌలీ అనే ఆయనకి పెద్ద ఇనుప కర్మాగారాలు ఉండేవి. పనివాళ్ల కోసం ఆయన ఏకంగా ఒక చట్టాల పుస్తకమే తయారు చేయించాడు. అందులో ఏముందో తెలుసా? రోజుకూలీ మీద పనిచేసే ప్రతి ఒక్కరికీ ఒక టైమ్‌షీట్. వచ్చిన టైమ్, వెళ్లిన టైమ్ నిమిషాలతో సహా రాయాలి. కల్లు దుకాణంలో, కాఫీ హౌస్‌లో గడిపిన టైమ్, తిండి, నిద్ర, పొగ తాగడం, పాటలు పాడుకోవడం, వార్తలు చదవడం, గొడవపడటం... ఇవన్నీ లెక్కలోంచి తీసేయాలి. అంటే మన 'ఐడిల్ టైమ్' అప్పుడే పుట్టేసిందన్నమాట!

ఇంకో రూల్ ఉంది. నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించింది అదే. కర్మాగారంలో ఒక్క గడియారమే చెల్లుతుంది. దాన్ని ఎవరూ ముట్టుకోకుండా తాళం వేసి ఉంచాలి. ఈ తాళం సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

తర్వాత 19వ శతాబ్దం, బ్రిటన్ బట్టల మిల్లులు. అక్కడ కార్మికులు గట్టిగా చెప్పుకున్న ఫిర్యాదు ఏంటంటే, పొద్దున గడియారాన్ని ముందుకి, సాయంత్రం వెనక్కి తిప్పి ఎక్కువసేపు పని చేయిస్తున్నారని. తాళం ఒక్కరి చేతిలోనే ఉంటే ఏం జరగొచ్చో చూశారా?

ఇక అమెరికా. న్యూయార్క్ రాష్ట్రంలో విల్లార్డ్ బండీ అనే నగల వ్యాపారి 1888లో ఒక మెషీన్ కనిపెట్టాడు. ప్రతి కార్మికుడికీ నంబరున్న ఒక తాళంచెవి ఇస్తారు. దాన్ని మెషీన్‌లో పెట్టి తిప్పితే కాగితం మీద ఆ నంబరు, టైమ్ అచ్చవుతాయి. రాసేవాడితో పని లేదు. ఆటోమేటిక్ ట్రాకింగ్ నిజంగా మొదలైంది ఇక్కడే అనుకోవచ్చు. బండీ కంపెనీ విలీనాల మీద విలీనాలు అయ్యి, 1911లో ఒక పెద్ద సంస్థలో కలిసింది. ఆ సంస్థే 1924లో పేరు మార్చుకుంది. కొత్త పేరు... ఐబీఎం! అంటే కంప్యూటర్ల కంటే ముందు ఆ ఇంట్లో హాజరు గడియారాలు ఉండేవి.

బండీ మెషీన్‌కి తెలిసింది మనిషి వచ్చాడా, వెళ్లాడా అన్నది మాత్రమే. మధ్యలో ఏం చేశాడో తెలియదు. ఆ ఖాళీని పూరించడానికి వచ్చినవాడు ఫ్రెడరిక్ టేలర్. పనిని చిన్న చిన్న ముక్కలు చేసి, ఒక్కో ముక్కకి స్టాప్‌వాచ్ పెట్టి కొలిచాడు. పెద్ద ఫీచర్‌ని సబ్‌టాస్కులుగా విడగొట్టి ఎస్టిమేట్ వేస్తాం కదా, ఆ పద్ధతికి ఈయనే తాతగారు.

1911 ఆగస్టులో ఈ స్టాప్‌వాచ్ మసాచుసెట్స్‌లోని వాటర్‌టౌన్ ఆయుధ కర్మాగారం ఫౌండ్రీలోకి వచ్చింది. అక్కడ ఫౌండ్రీ కార్మికులు మంచి పనితనం ఉన్నవాళ్లు. తమ పక్కన నిలబడి సెకన్లు లెక్కపెట్టడం వాళ్లకి అవమానంగా అనిపించింది. వాచీ ముందు పని చేయనన్న ఒకాయన్ని తీసేశారు. మిగతావాళ్లు పని ఆపి బయటికి వచ్చేశారు. గొడవ అమెరికా కాంగ్రెస్ దాకా వెళ్లింది. 1912లో టేలర్ అక్కడి కమిటీ ముందు కూర్చుని జవాబులు చెప్పాల్సి వచ్చింది. చివరికి 1915లో సైన్యం బడ్జెట్ చట్టంలోనే ఒక షరతు పెట్టారు: ఈ డబ్బుతో కార్మికుల మీద స్టాప్‌వాచ్ పెట్టకూడదు అని.

ఇక్కడితో ఆపేస్తే "టైమ్ కొలవడమే తప్పు" అనిపిస్తుంది. కానీ కథ ఇంకో మలుపు తిరిగింది.

2019 మే 14న యూరోపియన్ యూనియన్ కోర్టు ఒక తీర్పు ఇచ్చింది. ఉద్యోగులు రోజుకి ఎన్ని గంటలు పనిచేశారో నమ్మకంగా నమోదు చేసే వ్యవస్థ కంపెనీలు పెట్టి తీరాలి అని. కేసు వేసింది ఎవరు? స్పెయిన్‌లోని ఒక కార్మిక సంఘం! అవును, ఈసారి గడియారం కావాలని అడిగింది కార్మికులే. ఎందుకంటే లెక్క లేకపోతే ఓవర్‌టైమ్ చేశామని ఎలా నిరూపిస్తారు?

చూడండి, 1911లో వద్దన్నారు, 2019లో కావాలన్నారు. రెండుచోట్లా కార్మికుల వైపే న్యాయం ఉందని నేను అనుకుంటాను. వాటర్‌టౌన్‌లో వాచీ మేనేజర్ చేతిలో ఉంది, పని ఎంత త్వరగా అయిపోవాలో ఆయనే నిర్ణయిస్తాడు. యూరప్ తీర్పులో లెక్క ఉద్యోగికి కూడా సాక్ష్యం. కాబట్టి అసలు ప్రశ్న కొలవాలా వద్దా అన్నది కాదు. క్రౌలీ గడియారానికి వేసిన తాళం ఇప్పుడు ఎవరి దగ్గర ఉంది అన్నది.

మన పనికి ఇంకో చిక్కు కూడా ఉంది. బగ్ ఎక్కడుందా అని నోట్‌బుక్‌లో గీతలు గీసుకుంటూ అరగంట ఆలోచిస్తాం. మౌస్ కదలదు. టూల్ దృష్టిలో అది ఐడిల్, కానీ ఆ రోజు చేసిన అసలు పని అదే కావచ్చు.

అందుకే మీ ఆఫీసులో ఇలాంటి టూల్ పెడితే నాలుగు ప్రశ్నలు అడగండి. నా లెక్క నాకు కనిపిస్తుందా? తప్పుంటే సరిదిద్దుకోవచ్చా? ఎనిమిది గంటలు దాటి పనిచేస్తే అదీ ఇందులో పడుతుందా? ఈ నంబర్లు ఎస్టిమేట్‌కి, బిల్లింగ్‌కి మాత్రమేనా, అప్రైజల్‌కి కూడానా?

ఇవి అడిగితే మీరు పని ఎగ్గొడుతున్నట్టు కాదు. బండీ ప్రతి కార్మికుడి చేతికీ ఒక తాళంచెవి ఇచ్చాడు, కానీ దాంతో తెరుచుకునేది ఏమీ లేదు. మనం అడిగేది నిజంగా తెరుచుకునే తాళంచెవి, అంతే.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను!