అనుభవానికీ ‘అట’కూ మధ్య: బళ్ళారి సీమలో స్వానుభవ కథనం

మౌఖిక కథ అనగానే మనకు బుర్రకథ, ఒగ్గుకథ, జముకుల కథ గుర్తుకు వస్తాయి. ఇవి పరంపరగా వచ్చిన కథలు. తాము పడిన పాట్లను, కళ్ళారా చూసిన సంగతులను నలుగురి మధ్య కూర్చొని చెప్పుకోవడం కూడా మౌఖిక సంప్రదాయమే. దీనిని స్వానుభవ కథనం అనవచ్చు. సరిహద్దు ప్రాంతపు చరిత్రకు ఇది ఎంత అవసరమో బళ్ళారి జిల్లాను చూస్తే తెలుస్తుంది.

ఈ జిల్లాలో మౌఖిక కథకు పేరు తెచ్చిన వ్యక్తి సండూరు తాలూకా దరోజి గ్రామానికి చెందిన ఈరమ్మ. ఆమె సంచార జీవనం గడిపే బుడగ జంగాల కుటుంబంలో పుట్టి, చిన్ననాడే తండ్రి దగ్గర బుర్రకథ నేర్చుకున్నారు. కన్నడంలోనూ తెలుగులోనూ కథ చెప్పారు. పన్నెండు జానపద కావ్యాలు ఆమెకు కంఠస్థం. అచ్చు వేస్తే ఏడు వేల పుటలవుతాయని అంచనా. 1999లో కర్ణాటక రాజ్యోత్సవ పురస్కారం, ఆ తర్వాత హంపి కన్నడ విశ్వవిద్యాలయం నుండి ‘నాడోజ’ గౌరవం పొందిన ఈరమ్మ 2014 ఆగస్టులో మరణించారు. అక్షరం రాని మనిషి జ్ఞాపకంలో ఒక గ్రంథాలయమే ఉండగలదని ఆమె నిరూపించారు.

పరంపరాగత కథకూ స్వానుభవ కథనానికీ గల తేడా మన వ్యాకరణంలోనే ఉంది. వినికిడి సంగతికి తెలుగులో ‘అట’ చేరుతుంది. వాడుకలో అది ‘అంట’. కన్నడంలో ‘అంతె’ కూడా ఇదే పని చేస్తుంది. రాజు ‘వచ్చాడట’. మా నాన్న ‘వచ్చాడు’. మొదటిది విన్న మాట, రెండవది సాక్ష్యం.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు పాత బళ్ళారి జిల్లా చీలింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో చేరాయి. బళ్ళారితో సహా తక్కినవి మైసూరులో కలిశాయి. మా అమ్మమ్మ పుట్టిల్లు ఆదోని దగ్గర, అత్తిల్లు బళ్ళారి దగ్గర. ఆమె ఈ సంగతి చెప్పేటప్పుడు, “పొద్దున లేస్తే పుట్టిల్లు ఒక రాజ్యం, అత్తిల్లు ఒక రాజ్యం ఆయె,” అని ఒక్క క్షణం ఆగేది. తర్వాత, “ఇంక మా అమ్మను చూసేకి ఎవర్ని అడగాల?” అనేది. అదే కథ నేను మా పిల్లలకు చెప్పినప్పుడు “రెండు రాజ్యాలయ్యాయట” అన్నాను. ఆ ప్రశ్న చెప్పడం మరిచిపోయాను.

అమెరికన్ భాషాశాస్త్రజ్ఞుడు విలియం లబోవ్, జాషువా వాలెట్‌స్కీతో కలిసి 1967లో ప్రచురించిన వ్యాసంలో స్వానుభవ కథనాల నిర్మాణాన్ని పరిశీలించారు. జరిగినదాన్ని వరుసగా చెప్పినంత మాత్రాన కథ పూర్తి కాదని, అది తనకెందుకు ముఖ్యమో చెప్పేవారు ఎక్కడో ఒకచోట తెలియజేస్తారని వారు గుర్తించారు. మా అమ్మమ్మ ప్రశ్న అటువంటిదే. తాలూకాల పేర్లు ప్రభుత్వ పత్రాల్లో దొరుకుతాయి. ఆ ప్రశ్న దొరకదు. సాక్షి పోయాక మిగిలేది ‘అట’ మాత్రమే. ఆ ‘అట’తో పాటు ఒక్కొక్కసారి కథ విలువ కూడా జారిపోతుంది.

1953లో పదేళ్ళ వయసున్నవారు నేడు ఎనభై దాటారు. తెలుగునాటికి వెలుపల చదువుకుంటున్న మన విద్యార్థుల ఇళ్ళలోనూ వలసలు, సరిహద్దులు చూసిన పెద్దలు ఉంటారు. వారి మాటలను రికార్డు చేయండి. మధ్యలో కన్నడమో, తమిళమో, ఒడియానో వస్తే దిద్దకండి. ఆ కలగలుపు కూడా చరిత్రే. వారు ఆగినచోట తొందరపెట్టకండి. వ్రాసుకునేటప్పుడు ఏది ‘చూశాను’, ఏది ‘అట’ అన్నది వేరుగా గుర్తించండి. ఈ పని వచ్చే సెలవుల్లోనే మొదలుపెట్టడం మంచిది.