నేలనంటిన కారులు

గడ్డిబండి కట్టినవారికి చక్రపు రాపిడి యన నేమో నేను వేఱుగ చెప్పనక్కఱలేదు. మోపు ప్రక్కలకు పొంగి చక్రముపై వ్రాలెనా, ఎడ్లు రెట్టింపు బలముతో ఈడ్వవలసివచ్చును; గడ్డి దారిపొడుగున రాలిపోవును. అందుచేతనే ప్రక్కల గుంజలు నాటి మోపును చక్రమునకు ఎడముగ నిలుపుదురు. తిరుగు వస్తువునకును తిరుగని వస్తువునకును నడుమ ఖాళీ యుండవలె ననుట బండి కెంత నిజమో మోటారు కారునకును అంతే నిజము. ఆ ఖాళీని గూర్చియే అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున 1958 మొదలు 2023 వఱకు ఒక తగవు నడచినది. చూచుటకు అది చక్రముల తగవే గాని, వీధి యెవ్వరిదను తగవు కూడ దానిలో ఇమిడియున్నది.

కాలిఫోర్నియా 1848 వఱకు మెక్సికో దేశములోని భాగము. యుద్ధమున ఓడిన మెక్సికో ఆ సీమను అమెరికాకు విడిచిపెట్టెను. నేటికిని లాస్ ఏంజెలిస్ నగరపు తూర్పుపేటలలో మెక్సికను సంతతివారు విశేషముగ నివసించుచున్నారు. రెండవ ప్రపంచయుద్ధము 1945లో ముగిసిన పిమ్మట అచ్చటి యువకుల చేతులలో నాలుగు డబ్బు లాడసాగెను. క్రొత్త కారు కొనుటకు చాలని ఆ డబ్బుతో వారు పాత కారులను, అందును షెవ్రొలే కారులను కొనిరి. తెల్లవారి పిల్లలు తమ పాత కారులకు వేగము హెచ్చించి పందెము లాడుచుండగా, వీరు అందులకు విరుద్ధముగ కారును నేలబారుగ దించి, రంగులు తీర్చి, సెలవుదినములందు విట్టియర్ బూలెవార్డు అను పెద్దవీధి వెంట మెల్లమెల్లగ ఊరేగసాగిరి. అట్టి కారును లోరైడర్ అందురు. దేవుని రథము వడిగా పోవలెనని మనలో ఎవ్వరైన కోరుదురా? వారి దృష్టియు అట్టిదే. కారు చూడబడుటకై కదలును.

దించుట ఎట్లు? మొదట డిక్కీలో ఇసుక బస్తాలు వేసిరి. పిదప చుట్టల స్ప్రింగులలో ఒకటి రెండు చుట్టలు కోసివేసిరి. కమాను కట్టలున్న చోట ఇరుసునకును కట్టకును నడుమ దిమ్మెలు చొప్పించిరి. కారు క్రుంగెను. దానితో కష్టమును వచ్చెను. గుంట తగిలినపుడు చక్రము పైకి లేచుటకు మడ్గార్డు క్రింద తయారుచేసినవారు విడిచిన చోటు కొన్ని అంగుళములే. కారును మూడంగుళములు దించిన ఆ చోటులో మూడంగుళములు పోయినట్లే. టైరు పోయి మడ్గార్డు అంచును ఒరయును. ఆ అంచు లోపలికి మడవబడిన రేకు గావున కత్తివలె టైరును చెక్కును. అదే చోట పదేపదే చెక్కినచో లోని త్రాళ్లు తెగి టైరు ప్రేలును. ప్రేలిన చక్రము ముందుదైనచో కారు చేతికి లొంగదు. ప్రాణములకే ముప్పు.

వెడల్పు చక్రములు తొడిగినచో ఈ చిక్కు హెచ్చును. ఇది లెక్కతో తేలు విషయము, చిత్తగింపుడు. టైరు ప్రక్కన 195/75 ఆర్ 14 అని అచ్చువేసి యుండుననుకొనుడు. 195 అనునది మిల్లీమీటర్లలో దాని వెడల్పు. 75 అనునది ఆ వెడల్పులో నూటికి 75 పాళ్లు ప్రక్కగోడ యెత్తు, అనగా 146 మిల్లీమీటర్లు. 14 అనునది అంగుళములలో రిమ్ము కొలత, అనగా 356 మిల్లీమీటర్లు. రిమ్ముకు పైన నొకటి, క్రింద నొకటి గోడలు కలిపిన, మొత్తము చక్రము 648 మిల్లీమీటర్ల నిలువు. దీనిని తీసి, అదే తీరున 235 వెడల్పు టైరును తొడిగినచో నిలువు 708కి పెరుగును. అనగా చక్రపు నెత్తి మడ్గార్డునకు 30 మిల్లీమీటర్లు దగ్గఱగును. అటు ఇటు 20 మిల్లీమీటర్ల చొప్పున వెడల్పును పెరుగును. గోడను 60 పాళ్లకు తగ్గించి 235/60 తీసికొన్నచో నిలువు 638కి దిగి మునుపటికి చేరువగును. వెడల్పు కోరువాడు గోడను తగ్గించుకొనవలెను. ఈ గణితము తెలియక వెడల్పునే చూచి కొనువారు టైర్ల అంగడి గుమ్మము దాటకమునుపే రాపిడి చప్పుడు విందురు.

నిలువు సరిపోయినను ప్రక్కల మాట మిగిలియే యుండును. చక్రము లోపలి వైపు స్ప్రింగునకో చట్రమునకో తగులుట కలదు. స్టీరింగు పూర్తిగ త్రిప్పినపుడు ముందరి చక్రపు భుజము తగులుట కలదు. లోపల తగులుచున్నదని బిళ్లలు వేసి చక్రమును వెలుపలికి త్రోసినచో బయటి అంచు తగులును. చక్రపు నెత్తిని లోపలికి వంచినచో మడ్గార్డు తప్పును గాని, టైరు లోపలి అంచు త్వరగ అరుగును. మడ్గార్డు మడతను వేడిచేసి, రంగు పగులకుండ, రోలరుతో పైకి అణచుట మేలైన పని. స్టీరింగు తిరుగుటకు అడ్డు పెట్టుటయు నొక ఉపాయమే గాని, ఇఱుకు సందులో బండి మలుపలేని వానికి దానివలన లాభ మేమి?

ఇట్లుండగా 1958లో ప్రభుత్వము కలుగజేసికొనెను. మార్చబడిన కారు శరీరములో ఏ భాగమును చక్రపు రిమ్ము అడుగు అంచుకంటె క్రిందికి దిగరాదని కాలిఫోర్నియాలో చట్టము వచ్చినది. ఈ నియమము కేవలము దౌష్ట్యముతో చేసినదని నేననను. టైరులోని గాలి పోయినపుడు కారు రిమ్ముపై నిలుచును. రిమ్ముకంటె దిగువ నేదైన నున్నచో అది రోడ్డును దున్నుకొనుచు పోవును. ఇది యుక్తమైన భయమే. అయినను ఆ చట్టము కోల చేతికందిన పోలీసులు దానితో ఎక్కువగ కొట్టినది ఎవరినో తూర్పుపేటల వారికి తెలియును. కారును చూచి ఆపుటకు సాకు దొరకెను. లోపల నున్నవాని ముఖమును చూచుట తరువాతి పని.

అప్పుడు 1959లో శాన్ బెర్నార్డినో ప్రాంతమువాడగు రాన్ అగిర్రే తన కార్వెట్ కారునందు ఒక చమత్కారము చేసెను. విమానములలో రెక్కల అంచులను, చక్రములను కదలించుటకై చేసిన నూనె పంపులు యుద్ధానంతరము పాత సామగ్రిగ అమ్ముడుపోవుచుండెను. అట్టి పంపును అతడు కారున నమర్చెను. మీట నొక్కిన విద్యుత్తుతో పంపు తిరిగి నూనెను గొట్టములలోనికి నెట్టును; ఆ గొట్టము లోని ముషలము కారును పైకెత్తును. వేఱొక మీట నొక్కిన కవాటము తెఱచుకొని నూనె తొట్టిలోనికి మరలును. కారు తన బరువుతో తానే క్రుంగును. పోలీసువాడు కొలబద్ద తెచ్చునప్పటికి కారు చట్టబద్ధమైన యెత్తున నిలిచియుండును.

ఈ పంపు చట్టమును తప్పించుకొనుటకు పుట్టినదని అందఱును చెప్పుదురు, నిజమే. కాని రాపిడికిని అదియే మేలైన మందు. స్ప్రింగు కోసిన కారు నిరంతరము క్రుంగియే యుండును. పంపు కారు నడచునపుడు లేచి, నిలిచినపుడు క్రుంగును. గుంటలదారిలో ఖాళీ, నిలుపుచోట అందము, రెండును దక్కెను. రేకును, స్ప్రింగును, టైరును వేఱువేఱుగ దిద్దిన వారికి దొరకనిది, ఎత్తునే మార్చదగినదిగ చేసిన వానికి దొరకెను.

తరువాతివారు చక్రములనుగూడ తమ తీరునకు మలచుకొనిరి. 1958 మొదలు 1964 వఱకు వచ్చిన ఇంపాలా కారు వారికి ప్రియమైనది. దాని చట్రము ఇంగ్లీషు ఎక్స్ అక్షరమువలె నడుమ సన్నగ నుండి, ప్రక్కల దూలములు లేక, లోతుగ దిగుటకు అనువిచ్చెను. దానికి 13 అంగుళముల నిలువు, 7 అంగుళముల వెడల్పుగల తీగెల ఆకుల రిమ్ములు తొడిగి, వానిపై 155/80 అను సన్నని టైరును సాగదీసి యెక్కించిరి. రిమ్ము వెడల్పు, టైరు సన్నము! దానితో గోడ లోపలికి వాలి మడ్గార్డునకు దూరమగును; చక్రపు నిలువు 578 మిల్లీమీటర్లకు దిగును. అప్పటికిని వెనుక చక్రములు మడ్గార్డు లోపల ఇముడకున్నచో వెనుక ఇరుసునే కోసి పొట్టిచేయుదురు. వంకాయ సంచిలో పట్టకున్న తొడిమ కోసినట్లు!

చట్టములు మాత్రము ఆగలేదు. శాన్ హోసే నగరము 1986లోను, నేషనల్ సిటీ 1992లోను వీధులలో ఇట్లు మెల్లగ ఊరేగుటనే నిషేధించెను. ఊరేగుట గుంపులకు, కలహములకు తావిచ్చుచున్నదని వారి వాదము. దోషియైన వానిని పట్టుకొనక వీధినే మూయుట నాకు న్యాయముగ తోపదు.

న్యూ మెక్సికో రాష్ట్రమున చిమాయో అను చిన్న ఊరు కలదు. అచ్చటి డేవ్ హరమియో 1969 నాటి ఫోర్డు ఎల్.టి.డి. కారును ఈ తీరున దిద్దుచుండెను. పని ముగియకమునుపే 1978లో ఒక కారు ప్రమాదమున అతడు మరణించెను. కుటుంబమువారు దానిని విడువక పూర్తిచేసి, 'డేవ్ స్వప్నము' అని అర్థము వచ్చు పేరిడిరి. వాషింగ్టనులోని స్మిత్‌సోనియన్ సంస్థ 1990లో దానిని జాతీయ చరిత్ర వస్తువులలో చేర్చుకొనెను. ఒక వంక పోలీసు అపరాధ చీటీ, ఒక వంక ప్రదర్శనశాల!

శాన్ హోసే 2022లోను, నేషనల్ సిటీ 2023లోను తమ నిషేధములను ఎత్తివేసినవి. 2023లోనే కాలిఫోర్నియా శాసనసభ ఒక బిల్లును ఆమోదింపగా గవర్నరు సంతకము చేసెను. 2024 జనవరి 1 నుండి ఊరేగుటను నిషేధించు అధికారము నగరములకు లేదు. రిమ్ము అంచును గూర్చిన 1958 నాటి నియమమును తొలగిపోయెను.

మన దేశపు సంగతి వేఱు. 1988 నాటి మోటారు వాహనముల చట్టమున 52వ సెక్షను, తయారుచేసినవారు నిర్దేశించిన వివరములకు భిన్నముగ బండిని మార్చరాదనుచున్నది. 2019లో సుప్రీముకోర్టు ఆ మాటనే స్థిరపఱచెను. కావున మీ యింటి కుఱ్ఱవాడు వెడల్పు చక్రములు కావలెనన్నచో, ముందు తయారీదారు ఒప్పుకొన్న కొలతల పట్టికను చూడుమనుడు. తరువాత కారులో నలుగురిని కూర్చుండబెట్టి, స్టీరింగును ఈ కొననుండి ఆ కొనకు త్రిప్పించి, నాలుగు చక్రముల చుట్టును చేయి దూర్చి ఖాళీని చూడుమనుడు. వ్రేలు దూరని చోట గుంట తగిలినప్పుడు రేకు దూరును.