సీసాకి ముసుగేస్తే...

మా సీతారామపురం వైపు 'వైన్స్' అంటే బ్రాందీ కొట్టే. అసలు వైన్ రుచి చూడ్డం వేరే విద్య: రంగు చూసి, గ్లాసు తిప్పి వాసన పీల్చి, పుక్కిలించి పులుపూ వగరూ తేల్చి, ఉమ్మేస్తారు. ఇంతా చేసి చాలామంది మార్కులేసేది లేబుల్‌కే! 1855లో బోర్డో రెడ్ వైన్లకి ర్యాంకులిచ్చింది కూడా మార్కెట్ ధర చూసే.

1976 మే 24న పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ లేబుళ్ళు దాచి పోటీ పెట్టాడు. మార్కులేసింది ఫ్రెంచి నిపుణులే. రెడ్ వైన్లలో ఫస్టొచ్చింది మాత్రం కాలిఫోర్నియాలో వినియార్‌స్కీ కుటుంబం పెట్టిన స్టాగ్స్ లీప్ వారి 1973 వైన్! ఆ ద్రాక్ష కోసేనాటికి తోట వయసు మూడేళ్ళే. పేరుమోసిన మూతోన్ రోత్‌షీల్డ్‌కి రెండో స్థానం.

మన రెజ్యూమెల సంగతీ అంతే కదా. ఇంటర్వ్యూలు చేసే మిత్రులారా, ఈసారి కాలేజీ పేరు కప్పేసి చదవండి. ఉదయగిరి కుర్రాడు ఎన్నో స్థానంలో ఉంటాడో చూద్దాం!