వెస్టిండీస్ తీరానికి మనవాళ్ళు: ఒక తిరుగు ప్రయాణపు చరిత్ర

పదవీ విరమణ చేసిన ఉద్యోగికి పెన్షను కాగితాలు తేలిన వెంటనే ఎదురయ్యే ప్రశ్న ఒకటే: ఇక ఎక్కడ ఉండాలి? క్యాంపస్ క్వార్టర్సు ఖాళీ చేసి తార్నాకలోనో, హబ్సిగూడలోనో, నాచారంలోనో ఇల్లు చూసుకున్నవారు మనలో చాలామంది. కొందరు సొంత ఊళ్ళకు వెళ్ళారు. సముద్రపు గాలి ఒంటికి పడుతుందని విశాఖపట్నం చేరినవారూ ఉన్నారు. పిల్లలు అమెరికాలో స్థిరపడిన కుటుంబాల్లో ఇప్పుడు ఇంకో ఆలోచన కూడా వినవస్తోంది. కరీబియన్ సముద్రపు ఒడ్డున, మనలాంటి ఎండా వానా ఉండే చోట, తక్కువ ఖర్చుతో బతకగల పట్టణాలు ఉన్నాయట, పిల్లలకూ దగ్గరవుతామట. కొలంబియా దేశపు కార్తహేనా, శాంతా మార్తా పట్టణాల పేర్లు ఈ సందర్భంలో వినిపిస్తుంటాయి. పనామా దేశం నెలకు కనీసం వెయ్యి డాలర్ల జీవితకాలపు పెన్షను ఉన్నవారికి ప్రత్యేక నివాసపు వీసా ఇస్తోంది.

ఆలోచన మంచిదా చెడ్డదా అని తీర్పు చెప్పడం ఈ వ్యాసం పని కాదు. అయితే ఆ సముద్రతీరం తెలుగువాళ్ళకు కొత్తది కాదన్న సంగతి మన సభ్యులకు, వారి పిల్లలకు తెలియాలి. మనకంటే నూట డెబ్బై ఏళ్ళకు ముందే మన కోస్తా జిల్లాలవారు ఓడలెక్కి అక్కడికి వెళ్ళారు. వాళ్ళు పోయిన తీరు వేరు, మన పరిస్థితి వేరు. అయినా వాళ్ళ కథలో నేటికీ పనికివచ్చే విషయం ఒకటి ఉంది. అది తిరుగు ప్రయాణం సంగతి.

నిజాం రాజ్యానికి సముద్రతీరం లేదు. తెలంగాణ పల్లెల నుంచి వలస పోయినవారు ఎక్కువగా బొంబాయి, షోలాపూర్, భీవండి దారులు పట్టారు. కాబట్టి ఈ కథ మద్రాసు రాజధానిలోని తెలుగు జిల్లాలది. కానీ ఆ చరిత్రకు మన పేటతో సంబంధం లేకపోలేదు. తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్ ముందునుంచి మనం రోజూ నడిచిపోతుంటాం. నిజాం కాలపు దస్తావేజులతోపాటు, కుంఫిణీ కాలపు కోస్తా జిల్లాల రికార్డులు కూడా మద్రాసు నుంచి తరలివచ్చి అక్కడ చేరాయి. ఊరు విడిచిపోయేదాకా జనాన్ని నెట్టిన కరువుల సంగతులు అటువంటి కట్టల్లోనే ఉంటాయి.

బ్రిటిష్ వలస రాజ్యాల్లో బానిసత్వాన్ని రద్దుచేసిన చట్టం 1834 ఆగస్టు 1న అమల్లోకి వచ్చింది. చాకిరీ నుంచి పూర్తి విముక్తి 1838లో దొరికింది. విడుదలైన ఆఫ్రికా సంతతివారు పాత యజమానుల చెరకు తోటల్లో పాత షరతులకు పనిచేయడానికి ఒప్పుకోలేదు. తోటల యజమానుల చూపు మన దేశంమీద పడింది. ఇక్కడేమో 1833 ప్రాంతంలో గుంటూరు సీమను నందన కరువు ఊడ్చిపెట్టింది. డొక్కల కరువని పెద్దలు చెప్పేది దానినే. 1839లో గోదావరి ముఖద్వారంలోని కోరంగి రేవును తుఫాను ముంచింది. తరువాత 1876-78లో ధాత కరువు వచ్చింది. మగ్గం ఆగినవాడికీ, పొలం ఎండినవాడికీ మేస్త్రీ చెప్పిన మాట తీయగానే వినిపించి ఉంటుంది.

మొదటి ఓడలు 1838 మే నెలలో కలకత్తా నుంచి బ్రిటిష్ గయానా చేరాయి. కూలీల పాట్లు బయటపడి గొడవ కాగా ఆ రవాణా కొన్నాళ్ళు ఆగిపోయింది. 1845లో మళ్ళీ మొదలైనప్పుడు మద్రాసు రేవు నుంచి కూడా ఓడలు కదిలాయి. 1860ల మొదటి సంవత్సరాలలోపు ఆ రేవు నుంచి గయానాకు సుమారు 15 వేలమంది వెళ్ళారు. ట్రినిడాడ్‌కూ కొన్ని ఓడలు వెళ్ళాయి. వారిలో అరవవారూ తెలుగువారూ కలిసే ఉన్నారు. అక్కడి తోటల్లో ఇద్దరికీ ఒక్కటే పేరు: మద్రాసీలు.

ఫ్రెంచివారి దీవుల సంగతి ఇంకోటి. 1848లో వారు బానిసత్వాన్ని రద్దుచేశారు. 1853 మే 6న ‘ఒరేలీ’ అనే ఓడ భారతీయ కూలీలతో మార్టినిక్ చేరింది. 1854 డిసెంబరులో అదే ఓడ మరికొందరిని గ్వాడెలూప్‌లో దించింది. పుదుచ్చేరి, కారైకాల్ రేవులు ఈ రవాణాకు ముఖ్యస్థానాలు. 1861లో ఇంగ్లండు, ఫ్రాన్సుల మధ్య ఒడంబడిక కుదిరాక బ్రిటిష్ ఇండియా ప్రజలను కూడా బాహాటంగా చేర్చుకున్నారు. కూలీల బాధలు చూసి 1888లో బ్రిటిష్ ప్రభుత్వం గ్వాడెలూప్‌కు పంపడం నిలిపివేసే నాటికి, ఆ దీవికి సుమారు 42 వేలమంది, మార్టినిక్‌కు సుమారు 25 వేలమంది చేరారు. తొలి ఏళ్ళలోనే జబ్బులతో, చాకిరీతో ప్రాణాలు విడిచినవారు వారిలో చాలామంది.

తెరచాప ఓడలో ఆఫ్రికా దక్షిణపు కొసను చుట్టి పోవడానికి మూడు నెలలు పట్టేది. ఒప్పందం అయిదేళ్ళు. గయానాలో మగవాడి కూలి రోజుకు ఒక షిల్లింగు. చెప్పకుండా పనికి రాకపోతే అది నేరం. జరిమానా, జైలు తప్పవు. తోట దాటి వెళ్ళాలంటే చీటీ కావాలి. ఇన్ని కట్టుబాట్ల మధ్య ఆ కాగితంలో కూలీకి ధైర్యమిచ్చిన మాట ఒకటుండేది. గడువు తీరాక సర్కారు ఖర్చుతో తిరిగి స్వదేశం చేరుస్తామన్న మాట అది.

ఆ మాట క్రమంగా ఎలా కరిగిపోయిందో చూడండి. బ్రిటిష్ దీవుల్లో అయిదేళ్ళ ఒప్పందం తర్వాత ఇంకో అయిదేళ్ళు అక్కడే ఉంటేగాని ఉచిత ప్రయాణం లేదన్నారు. ట్రినిడాడ్‌లో 1869 నుంచి కొన్నేళ్ళపాటు తిరుగు ప్రయాణపు హక్కు వదులుకున్నవారికి పదెకరాల భూమి ఇచ్చారు. సొంత ఊళ్ళో సెంటు భూమి లేనివాడు పదెకరాలు కాదంటాడా? 1890లలో ఓడ కిరాయిలో కొంత వాటా కూలీయే పెట్టుకోవాలన్న నిబంధన వచ్చింది. గయానాకు మొత్తంమీద వెళ్ళిన సుమారు 2 లక్షల 39 వేలమందిలో మూడోవంతు లోపే తిరిగివచ్చారు. అక్కడినుంచి ఆఖరి తిరుగు ఓడ కదిలింది 1955లో. అప్పటికి మనకు స్వాతంత్ర్యం వచ్చి ఎనిమిదేళ్ళు.

తిరిగివచ్చినవారంతా సుఖపడ్డారా అంటే అదీ లేదు. సముద్రం దాటినందుకు కులంలో చేర్చుకోని ఊళ్ళున్నాయి. దాచుకున్న సొమ్ము బంధువుల చేతుల్లో కరిగిన ఇళ్ళున్నాయి. 1920లలో కలకత్తా మటియాబుర్జ్ ప్రాంతంలో ఇలాంటివారు గుంపులుగా పడి ఉండి, మమ్మల్ని మళ్ళీ ఆ దీవులకే పంపండని వేడుకున్నారు. ఇంటికి చేరడం వేరు, ఇంట్లో చోటు మిగిలి ఉండడం వేరు. గోఖలే మహాశయుడు ఈ కూలీ పద్ధతి రద్దుకు 1912లో కేంద్ర శాసనసభలో తీర్మానం పెట్టారు. 1917లో కూలీలను చేర్చుకోవడం ఆగింది; 1920 మొదటికి మిగిలిన ఒప్పందాలూ రద్దయ్యాయి.

ఉండిపోయినవారి దగ్గర ఏం మిగిలింది? మారియమ్మ పూజ మిగిలింది. గయానా గుళ్ళలో ఇప్పటికీ మోగే డప్పు పేరు ‘తప్పు’. మన తప్పెటకు అది చుట్టమే. ట్రినిడాడ్‌లో కరివేపాకును ‘కరాపులే’ అంటారు. గ్వాడెలూప్ వంటిళ్ళలో ‘కొలంబో’ అనే మసాలా కూర ఉంది. అది అరవల కుళంబు. విరసామి, రామసామి అన్నవి అక్కడ ఇంటిపేర్లయ్యాయి. వెస్టిండీస్ క్రికెట్ జట్టులో గయానాకు చెందిన వీరస్వామి పెర్మాల్ ఆడాడు. 2018 అక్టోబరులో మన ఉప్పల్ మైదానంలో టెస్టు ఆడిన ఆ జట్టులో భారత సంతతి బౌలరు దేవేంద్ర బిషూ ఉన్నాడు.

కాని తెలుగు మాట మిగలలేదు. మారిషస్‌లో తెలుగువారు మహాసభ పెట్టుకుని, పిల్లలకు భాష నేర్పుకుని, 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలకు ఆతిథ్యమిచ్చారు. అక్కడ మనవారు ఒకచోట చేరి ఉన్నారు, రాకపోకలూ సాగాయి. కరీబియన్ దీవుల్లో మనవారు తక్కువ, చెదిరిపోయారు, మద్రాసీ అన్న పేరులో కలిసిపోయారు. ముసలివాళ్ళతోపాటు భాష కూడా పోయింది.

పరాయితీరంలో హక్కుల సంగతి కూడా గుర్తుంచుకోవాలి. గ్వాడెలూప్‌లోని కాపెస్తేర్‌లో 1863లో పుట్టిన హెన్రీ సిదాంబరం తనవారికి ఫ్రెంచి పౌరసత్వం, ఓటు కావాలని 1904 నుంచి 1923 దాకా పోరాడి సాధించాడు. అక్కడే పుట్టిన పిల్లలకు అక్కడి పౌరులనిపించుకోవడానికి పంతొమ్మిదేళ్ళు పట్టింది. ఇక మన దేశం వైపునుంచి చూస్తే, ట్రినిడాడ్‌లోని భారత సంతతి ఆరవ తరానికి కూడా ఓసీఐ కార్డులిస్తామని 2025 జులైలో ప్రధానమంత్రి అక్కడ ప్రకటించారు. ఓడ వెళ్ళిన 180 ఏళ్ళకు తలుపు మళ్ళీ కొంత తెరుచుకుందన్నమాట.

నాటి కూలీలకూ నేటి పెన్షనర్లకూ పోలికేమిటని కొందరు అడగవచ్చు. నిజమే. వారిని ఆకలి తోలింది. మనకు నెలనెలా పెన్షను వస్తుంది. కాని పదేళ్ళ తరువాతి సంగతి ముందు తెలియకపోవడం ఇద్దరికీ సమానమే. అరవై అయిదేళ్ళప్పుడు సముద్రతీరం బాగుంటుంది. దంపతుల్లో ఒకరు మిగిలినప్పుడు స్పానిష్ మాట్లాడే ఊళ్ళో జ్వరమొస్తే ఎవరిని పిలవాలి? మన వైద్య పథకాలు ఇక్కడి ఆసుపత్రులకే పరిమితం. ఏటేటా జీవన ధ్రువపత్రం దాఖలు చేయాలి. తక్కువ ఖర్చన్న లెక్క డాలర్లలో సంపాదించేవారిది; రూపాయల పెన్షనుతో అదే ఊరు చవక అనిపించకపోవచ్చు.

కాబట్టి వెళ్ళదలచినవారు వెళ్ళండి. ముందు ఆరు నెలలు అద్దెకుండి చూడండి. తార్నాక ఇల్లు అమ్మి మాత్రం వెళ్ళకండి. నామినీ పేర్లు, బ్యాంకు ఖాతా, పెన్షను కాగితాలు ఇక్కడ సక్రమంగా ఉంచండి. తిరుగు ప్రయాణానికి సరిపడే సొమ్ము విడిగా దాచండి. పదెకరాలు తీసుకుని హక్కు వదులుకున్నవారిని తప్పుపట్టే అర్హత మనకు లేదు. వారికి వేరే దారి లేదు. మనకు ఉంది. దాన్ని మూసుకోకుండా ఉంటే చాలు.