కన్సర్టినా అంగడి

ఇంటర్‌లో వీట్‌స్టన్ బ్రిడ్జి లెక్కలు చేసినవాళ్లలో, ఆ వీట్‌స్టన్‌ది వాద్యాలు అమ్మే కుటుంబమని ఎంతమందికి తెలుసు? లండన్‌లో చార్లెస్ వీట్‌స్టన్ 1829లోనూ 1844లోనూ తీసుకున్న పేటెంట్లే ఆరు పలకల ఇంగ్లిష్ కన్సర్టినా అనే తిత్తి వాద్యానికి పునాది. తిత్తి లాగినా నొక్కినా మీటకు ఒకటే స్వరం. హార్మోనియం వాయించే నాకిది వెంటనే బోధపడింది. తికమక పెట్టింది జర్మన్ రకం. జర్మనీలోని కెమ్నిట్స్ పట్టణంలో ఊలిగ్ అనే ఆయన 1834లో తెచ్చిన ఆ పెట్టెలో లాగితే ఒక స్వరం, నొక్కితే మరొకటి.

రకాన్ని బట్టి సరంజామా మారుతుంది. ఇంగ్లిష్‌కు బొటనవేలు దూర్చే తోలు పట్టీ, చిటికెనవేలు ఆనడానికి లోహపు రేకు. జర్మన్ రకం నుంచి ఇంగ్లండ్‌లో రూపుదిద్దుకున్న ఆంగ్లోకు అరచేతిని చుట్టి పట్టే వెడల్పాటి పట్టీ. వీటికి తోడు వాద్యాన్ని దాచుకునే ఆరు పలకల పెట్టె, నేర్చుకునే పుస్తకం.

వీట్‌స్టన్ కంపెనీ పద్దుపుస్తకాలు లండన్ హార్నిమన్ మ్యూజియంలో ఉన్నాయి. వాటిని బట్టి తొలినాటి కొనుగోలుదారుల్లో కలిగినవాళ్లు చాలామంది. తర్వాత వీట్‌స్టన్ దగ్గర పనిచేసిన స్విస్ పనివాడు లాషెనాల్ సొంత కార్ఖానా పెట్టి, యంత్రాలతో చవక రకాలూ తయారుచేశాడు. వాద్యం కార్మికుల బ్యాండ్లకూ క్రైస్తవ సేవాసంస్థ సాల్వేషన్ ఆర్మీకీ చేరింది. స్వరలిపి రానివారికోసం మీటలకు అంకెలు వేసిన పుస్తకాలొచ్చాయి.

పేరు వీట్‌స్టన్‌కు దక్కింది. వాద్యాన్ని జనంలోకి తెచ్చింది మాత్రం చవక పెట్టె, అంకెల పుస్తకమే.