రాతి రికార్డులు

రెవెన్యూ శాఖలో గుమాస్తాగా పనిచేసిన నాకు పాత రికార్డులంటే మక్కువ. మన ప్రాంతపు అతి పాత రికార్డులు కచేరీలో లేవు, రాళ్లలో ఉన్నాయి.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టూ ఉన్నవి ఎక్కువగా గ్రానైటు గుట్టలు. సుమారు 250 కోట్ల ఏళ్ల క్రితం భూమి లోపల కరిగిన రాయి చల్లారి ఏర్పడినవి. అంత వేడిలో జీవుల ఆనవాళ్లు నిలవవు. కనుక వీటిలో శిలాజాలు వెతకడం వృథా.

ధర్మవరానికి తూర్పున పులివెందుల, వేంపల్లె వైపు వెళితే సంగతి వేరు. అక్కడివి నీటి అడుగున పొరలుగా పేరుకున్న సున్నపురాళ్లు. భారత భూగర్భ సర్వేక్షణ శాఖకు చెందిన విలియం కింగ్ ఈ కడప, కర్నూలు శిలలపై 1872లోనే పెద్ద గ్రంథం వెలువరించారు. వేంపల్లె రాళ్లలో స్ట్రోమటోలైట్లు కనిపిస్తాయి. కంటికి ఆనని సూక్ష్మజీవులు జిగురు పొరగా పరచుకోగా, సున్నం, ఒండ్రు దానికి అంటుకొని పొర మీద పొరగా పెరిగినవి ఇవి. కోసి చూస్తే ఉల్లిగడ్డ పొరల్లా ఉంటాయి. వయస్సు 190 కోట్ల ఏళ్ల పైమాటే.

ఆ జీవులకు ఎండ కావాలి. అంటే నేడు వానచుక్కకు మొగం వాచిన ఈ సీమలో, నాడు వెలుతురు అడుగుదాకా చేరే లోతులేని సముద్రం ఉండేదన్నమాట! మనం పీల్చే ప్రాణవాయువును మొదట గాలిలో నింపింది ఇటువంటి జీవులే. ఆస్ట్రేలియాలోని షార్క్ బే తీరంలో ఇవి నేటికీ పెరుగుతున్నాయి.

కచేరీలో కాగితం పోతే నకలైనా దొరుకుతుంది. గనిలో పగిలిపోయిన ఈ పొరకు నకలు లేదు. సెలవులకు వచ్చే మనుమలకు, మనుమరాళ్లకు ఈ సంగతి చెప్పండి. ఆ దారిన వెళ్లినప్పుడు ఆ రాళ్లను చూపించండి.